పోగులు అతికే చెయ్యి

ధర్మవరం మగ్గాల వీధుల్లో ఆంజనప్పతో పని పడితే వారం ముందే చెప్పిపెట్టుకోవాలి. ముహూర్తాల నెలల్లో పురోహితుడైనా దొరుకుతాడేమో గానీ ఆంజనప్ప దొరకడు. పోనీ ఆయన చేసేది చూడ్డానికి అంత గొప్ప పనా అంటే అదీ కాదు. మగ్గం మీద వార్పు, అంటే నిలువు పోగుల పడుగు, అయిపోవచ్చినప్పుడు దాని కొసల్ని జానెడు వదిలి కోస్తారు. కొత్త వార్పు తెచ్చి, దాని పోగుల్ని ఆ పాత కొసలకు ఒక్కటొక్కటిగా అతకాలి. బొటనవేలికీ చూపుడువేలికీ ఇంత బూడిద రాసుకుని, పాత పోగునూ కొత్త పోగునూ కలిపి ఒక్క మెలి తిప్పి వదలాలి. ముడి పడకూడదు, లాగితే ఊడకూడదు. ఒక్కో వార్పుకు నాలుగు వేల పైచిలుకు పోగులు, అన్నీ వెంట్రుకకన్నా సన్నం. పొద్దున కూర్చుంటే చీకటి పడేలోపు అతికి లేచేవాడు ఆ నాలుగు వీధుల్లో ఆంజనప్ప ఒక్కడే.

ఇట్లాంటి పనిలో ముప్ఫయ్యేళ్లు గడిపినవాడి వేళ్లు మొద్దుబారతాయి. అందులో వింతేం లేదు. వాళ్లకది సిగ్గు కూడా కాదు, బిరుదు. నేర్చుకునేవాడు వేళ్లు మండుతున్నాయని ఏడిస్తే, "అవి సచ్చేదాకా తిప్పు, అప్పుడు నువ్వు పనోడివి" అంటారు. ఆంజనప్ప తన మేనకోడలు హేమావతికి చిన్నప్పుడు ఈ పని నేర్పిస్తూ ఆ మాటే అన్నాడు. హేమావతి తండ్రి లేని పిల్ల. మామే పెంచాడు, మామే పెళ్లి చేశాడు. ఆమె ఇప్పుడు అదే వీధికి ఆశా కార్యకర్త. ఇదంతా ఎందుకు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ మాటే వీళ్ల కొంప ముంచింది.

ఏటా ఒకసారి ఇంటింటికీ తిరిగి కుష్ఠు సర్వే చేయాలి. ఒంటి మీద పాలిపోయిన మచ్చలున్నాయా, వాటికి స్పర్శ ఉందా, చేతివేళ్లు తిమ్మిరెక్కి ఉంటున్నాయా అని అడిగి, చూసి, రాయాలి. అడగడమైతే హేమావతి అడిగింది. గుంతలో కాళ్లు పెట్టుకుని మగ్గం నేస్తున్నవాడు సర్వే కోసం లేచి చొక్కా విప్పుతాడా? మా వేళ్లు ఎప్పుడో చచ్చినాయి గానీ ఇంకేమన్నా అడగమని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. నవ్వి, 'లేదు' అని రాసేది. పెద్దరోగం పేరెత్తి జనాన్ని బెదరగొట్టడం దేనికి అనుకునేది. రెండువందల పద్నాలుగు పేర్లకు రెండువందల పద్నాలుగు 'లేదు'లు. మామ పేరు ముప్ఫయ్యేడో వరసలో ఉండేది. ఆ వరస నింపడానికి ఆమె గడప కూడా దాటలేదు. వంటింట్లో కుక్కర్ విజిల్ కోసం చూస్తూ కూర్చుని రాసేసింది. ఒక ఏడాది కాదు, వరసగా రెండేళ్లు. మామకు రోగమేంటి, ఆ మనిషి ఇప్పటికీ రోజుకొక వార్పు అతుకుతుంటే!

ఈ ఏడాది సర్వే ముందర శిక్షణకని పెనుకొండ నుంచి కుమారస్వామి అనే ఆయన వచ్చాడు. ఇరవయ్యేళ్లుగా కుష్ఠు పనిలోనే ఉన్న మనిషి. చొక్కా జేబులో రెండు పెన్నులు, చేతిలో పాత రిజిస్టర్లు. తక్కిన ఆశా కార్యకర్తలందరి ముందూ హేమావతి జాబితా తెరిచి, పేజీలు తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పాడు. హిందూపురం వైపు రోగులు దొరికారు, పెనుకొండలో దొరికారు, ఈ వీధిలో మాత్రం రెండేళ్లుగా ఒక్క అనుమానపు కేసు కూడా లేదే, పట్టుపోగులంటే క్రిమికి భయమా అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు గానీ హేమావతికి తల కొట్టేసినట్టయింది. మాది పని చేసే వీధి సార్, అందరి వేళ్లూ మొద్దుబారే ఉంటాయి, అది రోగం కింద రాస్తే ఊరంతా రోగులే అంది.

"ఏ వేళ్లమ్మా?" అన్నాడు కుమారస్వామి.

"ఈ రెండు సార్" అని ఆమె బొటనవేలూ చూపుడువేలూ చూపించింది.

"మరి చిటికెన వేలు పోగు పట్టుకోదు గదా. అదెందుకు మొద్దుబారుతుంది?"

హేమావతి తన చిటికెన వేలు చూసుకుంది. ఆయన అక్కడున్న అందరికీ చూపించాడు. నోటితో అడగొద్దన్నాడు. మనిషిని కళ్లు మూసుకోమని, బాల్‌పెన్ను మొనతో చిటికెన వేలినీ దాని పక్క వేలినీ తాకి, తాకినప్పుడల్లా చెప్పమనాలి. ఈ రోగం మోచేతి దగ్గరుండే నరాన్ని పట్టుకుందంటే మొదట చచ్చేవి ఆ రెండు వేళ్లే. ఆ తర్వాతే మిగతావి. తొందరగా పట్టుకుంటే మాత్రలతో పోతుంది, వేళ్లు నిలుస్తాయి. ఆలస్యమైతే మాత్రలు క్రిమిని చంపుతాయి గానీ పోయిన వేలిని తెచ్చివ్వలేవు. హేమావతి అంతా రాసుకుంది. రాసుకుంది గానీ కోపం తగ్గలేదు. నా వీధి సంగతి పెనుకొండ ఆయన నాకు చెప్పొచ్చాడని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఇల్లు చేరింది.

రెండు రోజులైనా కాలేదు, ఆదిలక్ష్మమ్మ ఇంటి నుంచి కబురొచ్చింది, ఉన్నపళంగా రమ్మని. ఆదిలక్ష్మమ్మకు మూడు మగ్గాలు. ముప్ఫయ్యేళ్ల కొడుకు ఉమాశంకర్ ఒక మగ్గం మీద తానే నేస్తాడు. ఆ ఇంట్లో ఆ రోజు ఆంజనప్ప పోగులు అతుకుతున్నాడని హేమావతికి తెలుసు. కళ్లు తిరిగి పడిపోయాడేమోనని పరుగున వెళ్లింది.

మామ బాగానే ఉన్నాడు. మగ్గం పక్కన నిలబడి ఉన్నాడు, తప్పు చేసి దొరికిన బడిపిల్లాడిలా. ఆదిలక్ష్మమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, మాట లేకుండా మగ్గం వైపు చూపించింది. ఆమె మాట లేకుండా ఉందంటేనే సంగతి చిన్నది కాదు.

మీగడ రంగు వార్పు. పెళ్లికూతురి చీరకని ప్రత్యేకం అద్దకం వేయించి తెచ్చింది. సగానికి పైగా అతకడం అయిపోయింది. అతికిన పోగుల మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా, నెత్తురు. కారిన నెత్తురు కాదు. ఒక్కో అతుకు దగ్గర ఒక్కో చిన్న గీత, బూడిదతో కలిసి గోధుమరంగుకు తిరిగి ఎండిపోయింది. వందలకొద్దీ గీతలు. అతుకులు మాత్రం ఎక్కడా చెడలేదు, ఆంజనప్ప అతుకులు ఎట్లుండాలో అట్లే ఉన్నాయి. ఆయన బొటనవేలూ చూపుడువేలూ వాటి పని అవి చేసుకుపోతుంటే, కింద చిటికెన వేలు పోగుల మీద రాసుకుంటూ పోయింది. దాని పక్కన పొక్కు లేచి, చితికి, చర్మం ఊడి వేలాడుతోంది.

"యాడ కాల్చుకుంటివి మామా?" అంది హేమావతి.

ఆంజనప్ప చేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఆ చెయ్యి ఎవరిదో అన్నట్టు చూశాడు. పొద్దున టీ కొట్టు దగ్గర స్టీలు గ్లాసు పట్టుకున్నాననీ, అందరూ అంచు పట్టుకుని ఊదుకుంటుంటే తనకేం వేడనిపించలేదనీ నసిగాడు. చూపు కూడా మందగించింది, బూడిదలో ఎరుపు కనబడలేదన్నాడు. ఆదిలక్ష్మమ్మకు అప్పుడు నోరొచ్చింది. కంట్లో వత్తులేసుకుని చేయాల్సిన పనికి కళ్లు లేకుండా కూర్చున్నావా, శుభమా అని పెళ్లి చీర నేయబోతుంటే దాని మీద నెత్తురు పూస్తావా అని మొదలుపెట్టి, ముప్ఫయ్యేళ్ల సావాసం కూడా చూడకుండా దులిపేసింది. ఆంజనప్ప తలెత్తలేదు. హేమావతికి అవేవీ చెవికెక్కలేదు. ఆమె కళ్లు ఆ చిటికెన వేలి మీదే ఉన్నాయి. ఆ వేలూ, దాని పక్క వేలూ లోపలికి కొంచెం వంగి ఉన్నాయి. చెయ్యి ఎంత చాపినా ఆ రెండూ చాపుకోవడం లేదు. ఇది ఎప్పటి నుంచి ఇట్లా ఉంది? నెలకు పదిసార్లు ఆ చేతి మీదుగా తాంబూలమో, కాఫీ గ్లాసో అందుకుంటూనే ఉంది గదా!

"కళ్లు మూసుకో మామా."

"ఎందుకు?"

"మూసుకో."

ఆయన మూసుకున్నాడు. హేమావతి సంచిలోంచి పెన్ను తీసింది. బొటనవేలిని తాకితే ఆంజనప్ప "ఆఁ" అన్నాడు. చూపుడువేలిని తాకితే కాసేపు ఆగి అన్నాడు. చిటికెన వేలి మీద పెన్ను పెట్టింది. తీసి మళ్లీ పెట్టింది. కొంచెం గట్టిగా నొక్కింది. ఐదుసార్లు, ఆరుసార్లు నొక్కింది, పచ్చిపుండు పక్కన కూడా నొక్కింది. ఆదిలక్ష్మమ్మ తిట్టడం ఆపేసి చూస్తోంది.

ఆంజనప్ప కళ్లు మూసుకునే ఉన్నాడు. కాసేపయ్యాక, "ఇంగా మొదలుపెట్టలేదా పాపా?" అన్నాడు.

హేమావతి పెన్ను తీసేసింది. తల తిప్పుకుంది. అప్పుడామెకు మగ్గం గుంతలో కూర్చున్న ఉమాశంకర్ కనబడ్డాడు. అతను మగ్గం ఆపేసి, తన చిటికెన వేలిని తానే గోటితో గిల్లుకుంటున్నాడు. ఆమె చూడగానే చెయ్యి ఒళ్లోకి లాక్కుని, నేతను కొట్టే మగ్గం పలక అందుకున్నాడు.

మామను ఇంటికి తీసుకొచ్చి చొక్కా విప్పమంది. మేనకోడలి ముందు చొక్కా విప్పనని ఆంజనప్ప మొరాయించాడు. అత్త నాగరత్నమ్మే వచ్చి గుండీలు విప్పింది. వీపు మీద అరచేతంత మచ్చలు రెండు, భుజం కింద ఇంకొకటి. పాలిపోయి, ఎండిపోయి, చెమట కూడా పట్టని మచ్చలు. నాగరత్నమ్మకు అవి మూడేళ్లుగా తెలుసు. శోభి మచ్చలనుకుని మొదట్లో వేపాకు నూరి పూసింది. తగ్గకపోతే కొబ్బరినూనె రాసింది. ఆ తర్వాత ఆయన పూయనివ్వలేదు, నిండు చేతుల చొక్కాలు కుట్టించుకున్నాడు.

మరి మూడేళ్లుగా నాకెందుకు చెప్పలేదని హేమావతి అత్త మీద ఎగిరింది. నాగరత్నమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ మొగుడి వైపు చూసింది. ఆంజనప్ప గోడకు ఆనుకుని కూర్చుని తన చెయ్యి తాను చూసుకున్నాడు.

"నాకు అనుమానముండ్య పాపా" అన్నాడు. "నేను చిన్నప్పుడు మన వీధిలో ఒగాయప్పకు పెద్దరోగమొచ్చె. ఆయప్ప మగ్గాన్ని గుంతలోంచి పెరికి కాల్చేసిరి. ఆయప్ప రైలుకట్ట కాడ గుడిసేసుకుని ఆడనే సచ్చె. నువ్వు చూస్తే ఇంటింటికీ తిరిగే పిల్లవి, పసిబిడ్డలకు చుక్కలేసే పిల్లవి. మామకు పెద్దరోగమని తెలిస్తే నీకు తలుపెవరు తీస్తారు? అందుకే నేనూ అడగలేదు. నువ్వూ అడగలేదు."

నువ్వూ అడగలేదు. ఆ మాట ఆయన నిష్ఠూరంగా అనలేదు. అంటే బాగుండేది. హేమావతి లేచి పెరట్లోకి పోయి, నీళ్ల తొట్టి పక్కన కూర్చుని, కడుపులోంచి ఏడ్చింది. రెండుసార్లు కుక్కర్ విజిల్ కోసం చూస్తూ రాసిన 'లేదు'. నాలుగు అడుగులు వేసి వచ్చి, మామా చెయ్యి చాపు అంటే ఆయన చాపేవాడు. దాచేవాడైనా ఆ వంకర వేళ్లను ఆమె దగ్గర దాచలేకపోయేవాడు. ఆమెకు పోగు పట్టడం నేర్పిన చెయ్యి గదా అది!

మర్నాడు పొద్దున ముగ్గురూ ప్యాసింజరు రైలెక్కి పెనుకొండకు పోయారు. హేమావతి రాత్రే ఫోను చేసి చెప్పడంతో కుమారస్వామి స్టేషను బయట కాచుకుని ఉన్నాడు. డాక్టరమ్మ దగ్గరికి తానే తీసుకెళ్లాడు. ఆమె ఆంజనప్ప మోచేతిని వేళ్లతో తడిమి, నరం తాడులా లావెక్కిందని చెప్పింది. వేళ్ల మధ్య కాగితం పెట్టి పట్టుకోమంది. ఆయన పట్టుకోలేకపోయాడు. రోగం ఖాయం. ఏడాది పాటు మాత్రలు మింగాలి, మొదటివి ఇప్పుడే తన ఎదుటే మింగాలి, ఇవి పడ్డాక ఇతరులకు అంటదు, ఇంట్లోవాళ్లతో కలిసి తినొచ్చు, కలిసి పడుకోవచ్చు అని చెప్పింది. నాగరత్నమ్మనూ హేమావతినీ కూడా పరీక్షించి, మచ్చలు లేవని, ముందుజాగ్రత్తకు ఒక్కో డోసు మాత్రలిచ్చింది.

ఆంజనప్ప వీటిలో ఏదీ పట్టించుకోలేదు. వేళ్లు వస్తాయా అని మాత్రం అడిగాడు.

చిటికెన వేలూ దాని పక్కదీ మాత్రలతో సాపు కావని డాక్టరమ్మ చెప్పింది. బొటనవేలికీ చూపుడువేలికీ పోయే నరం కూడా దెబ్బతినడం మొదలైంది. దానికి వేరే మందు ఆరు నెలలు వాడి చూడాలి, ఆ ఆరు నెలలూ వేళ్లతో ఆ పని ముట్టుకోకూడదు. ఆ రెండు వేళ్లు నిలుస్తాయో లేదో అప్పటికి గానీ చెప్పలేం. "రెండేళ్ల ముందు వచ్చి ఉంటే నాలుగూ నిలిచేవి పెద్దాయనా" అంది. ఆమెకు ఎవరి మీదా కోపం లేదు. రోజూ చెప్పే మాటే అన్నట్టు చెప్పింది. హేమావతి నేల చూపులు చూస్తూ నిలబడింది.

బయట వరండాలో కుమారస్వామి ఒక ఫారం తీశాడు. వేళ్లు వంకరపోయాక దొరికిన ప్రతి రోగికీ అది నింపాలి, ఇంత ఆలస్యం ఎందుకైందో తేల్చడానికి. పేరు, వయసు, వృత్తి ఆయనే రాశాడు. తర్వాతి ప్రశ్న దగ్గర పెన్ను ఆగింది. గత రెండు సర్వేల్లో ఈ మనిషిని పరీక్షించారా? లేకపోతే కారణమేంటి? అది సర్వే చేసినవాళ్లే రాసి సంతకం పెట్టాలి. ఫారం ఆమె చేతికిచ్చి, ఫోను వచ్చిందని మెట్ల దాకా పోయాడు. ఫోను నిజంగా వచ్చిందో లేదో హేమావతికి తెలియదు.

ఆంజనప్ప గబగబా ఆమె పక్కకు జరిగాడు.

"నేను ఊళ్లో లేనని రాయి" అన్నాడు. "హిందూపురం పోయింటి అని రాయి. పనికి పోతాంటి గదా అప్పుడప్పుడూ. నువ్వొచ్చినావు, నేను లేను. అంతే. నేనూ అదే చెప్తా, మీ అత్తా అదే చెప్తాది."

"అట్ల రాస్తే అబద్ధం గదా మామా."

"నా వేళ్లు పోయినాయి. నీ పని కూడా పోవల్లనా?"

నిజానికి అది చాలా తేలిక. 'ఇంట్లో లేరు' అని రెండు మాటలు. జాబితాలో 'లేదు' ఎందుకుందంటే అత్తను అడిగి రాశానంటే సరిపోతుంది. అట్లా రాస్తే తప్పిపోయింది ఒక్క మనిషి. మిగతా రెండువందల పదమూడు వరసలూ చెక్కుచెదరకుండా ఉంటాయి. వాటిని ఎవరూ తిరిగి తెరవరు, ఈ ఏడాది ఆమె మళ్లీ నవ్వుతూ నాలుగు ఇళ్లు తిరిగితే చాలు. హేమావతి పెన్ను కాగితం మీద పెట్టింది కూడా. అప్పుడు ఆమెకు ఉమాశంకర్ గుర్తొచ్చాడు. గోటితో వేలిని గిల్లుకుంటూ, ఆమె చూడగానే చెయ్యి ఒళ్లోకి లాక్కున్నవాడు. వాడి వరస ఎంత? నలభై రెండో, నలభై మూడో. దానికి ఎదురుగా కూడా తన రాతే ఉంది. 'లేదు'.

ఆమె రాసింది. పరీక్షించలేదు. పరీక్షించినట్టు ఇంట్లో కూర్చుని రాశాను. వీధిలో ఎవరి చేతులూ ముట్టుకుని చూడలేదు. కింద సంతకం పెట్టి, తేదీ వేసింది. ఆంజనప్పకు చదవడం రాదు గానీ రెండు మాటలకు అంత రాత పట్టదని తెలుసు. మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కుమారస్వామి వచ్చి చదివాడు. రెండుసార్లు చదివాడు.

"ఇట్ల రాసినాక మీ జాబితా అంతా కొట్టేయాల్సిందే అమ్మా" అన్నాడు. "మొదటి పేరు నుంచి మళ్ల చూడాల. పైవాళ్లు మిమ్మల్ని ఉంచుతారో లేదో నేను చెప్పలేను."

ఉంచినన్నాళ్లూ అందరి చేతులూ చూస్తానంది హేమావతి.

వాళ్లు ధర్మవరంలో రైలు దిగేసరికే వీధికి అంతా తెలిసిపోయింది. ఎవరు చెప్పారని అడగడం అనవసరం, ఆదిలక్ష్మమ్మ ఇంటి ముందు ఆ మీగడ రంగు వార్పు బూడిదై ఉంది. పెళ్లి చీర వార్పును మగ్గం మీద నుంచి కోసి నడివీధిలో తగలబెట్టింది. వారం ముందే చెప్పిపెట్టుకున్నవాళ్లంతా ఒక్కొక్కరే మనిషిని పంపి, ఇప్పుడే వద్దులే అనిపించారు. ఒకామె బిడ్డకు టీకా వేయించే రోజైనా అంగన్‌వాడీకి రాలేదు. కొళాయి దగ్గర నాగరత్నమ్మ బిందె పెడితే, వెనకున్న బిందెలు రెండు గజాలు వెనక్కి జరిగాయి.

హేమావతి కొత్త జాబితా పట్టుకుని బయల్దేరింది. మొదటి రోజు మూడు ఇళ్లు తలుపు తీశాయి. రెండో రోజు రెండు. తక్కిన ఇళ్లలో మగ్గం చప్పుడు వినబడుతూనే ఉంటుంది, ఆమె తలుపు తట్టగానే ఆగిపోతుంది, ఆమె వీధి దాటగానే మళ్లీ మొదలవుతుంది. కిటికీలోంచి ఒక ముసలాయన, మీ మామకు వస్తే మాకూ అంటగట్టాలని తిరుగుతున్నావా అని అడిగాడు. ఆమె జాబితా మడుచుకుని ముందుకు నడిచింది. ఏం చెప్తుంది? రెండేళ్లు ఆ కిటికీ ముందు నిలబడి నవ్వి పోయిన మనిషే గదా. సాయంత్రం ఇంటికి పోయి, చెప్పులు విప్పకుండానే గడపలో కూలబడింది. మామ ఆ గడప ముందు నిలబడి చూసి వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున ఆమె బయటికి వచ్చేసరికి ఆంజనప్ప వీధిలో కాచుకుని ఉన్నాడు. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నాడు. మూడేళ్లలో ఆయన్ను పొట్టి చేతుల చొక్కాలో చూసినవాళ్లు లేరు. మోచేతి పైన మచ్చ ఎండకు తెల్లగా కనబడుతోంది.

"పద" అన్నాడు.

నువ్వొస్తే ఇంకా తియ్యరు మామా అని ఆమె ఆపబోయింది. ఆయన వినలేదు. నేరుగా ఆదిలక్ష్మమ్మ ఇంటికే నడిచాడు. లోపల మగ్గం ఆడుతోంది. తలుపు తట్టాడు. మగ్గం ఆగింది. మళ్లీ తట్టాడు. ఎవరూ పలకలేదు.

"ఆదిలక్ష్మమ్మా, నేను ఆంజనప్పను" అన్నాడు తలుపుతో. "నా చెయ్యి చూపిస్తా, చూడు. చూసినాక తిట్టు. నీ కొడుకు చెయ్యి ఇట్ల కావల్లనా?"

లోపలి నుంచి చప్పుడు లేదు. ఆయన తట్టడం ఆపలేదు. వంగిపోయిన ఆ రెండు వేళ్ల కణుపులతో, పాతకాలపు టేకు తలుపు మీద, ఒకే చోట, ఆగకుండా తట్టాడు. ఎదురిళ్ల కిటికీలు తెరుచుకున్నాయి. హేమావతి తలుపు వైపు చూస్తోంది గానీ చెయ్యి వైపు చూడలేదు. తలుపు చెక్క మీద ఎర్రటి మరక కనబడ్డాక చూసింది. కణుపుల దగ్గర చర్మం పగిలి, నెత్తురు మణికట్టు దాకా వచ్చింది. ఆయనకు ఆ సంగతే తెలియదు, ఇంకా తడుతూనే ఉన్నాడు.

"మామా, చాలు" అని ఆమె ఆ చేతిని రెండు చేతులా పట్టుకుంది. కొంగుతో చుట్టింది. ఆంజనప్ప కిందికి చూసి అప్పుడు చూసుకున్నాడు.

తలుపు గడియ కదిలింది. తీసింది ఆదిలక్ష్మమ్మ కాదు, ఉమాశంకర్. వెనకాల వాళ్లమ్మ వద్దురా అంటున్నా వినకుండా వచ్చి గడపలో నిలబడ్డాడు. తలుపు మీద మరకను చూశాడు. కొంగులోంచి కారుతున్న నెత్తురును చూశాడు. ఎవరూ ఏమీ అడగకముందే కళ్లు మూసుకుని, కుడిచెయ్యి ముందుకు చాపాడు.

హేమావతి పెన్ను తీసింది. బొటనవేలిని తాకింది. "ఆఁ" అన్నాడు. చూపుడువేలిని తాకింది. "ఆఁ" అన్నాడు. చిటికెన వేలి మీద పెన్ను మొన పెట్టి, గట్టిగా నొక్కి, అట్లే ఉంచింది. వీధిలో ఎక్కడా మగ్గం ఆడటం లేదు.

ఉమాశంకర్ కళ్లు మూసుకుని కాచుకున్నాడు.

"మొదలుపెట్టు అక్కా" అన్నాడు.